చేపలు పూలైన పుస్తకం

నన్నిప్పుడు అందరూ ‘అమ్మ’ అంటారు. నేనొస్తున్నానంటే రాజాంలో, పాతపట్నంలో కల్యాణ మండపాలు నిండిపోతాయి. సెల్‌ఫోన్ నోరు మూయించడం చేతకాని పెద్దమనుషులు మనసు నోరు మూయించడం నేర్చుకుందామని నా దగ్గరికి వస్తారు. నేను కష్టాలను జయించిన స్త్రీనట. నా మొహం. జయించిందెవరైనా ఉంటే అది మా వదిన, మా ఆయన అక్క.

మా ఆయన వేటకెళ్లిన పడవ అలకు తిరగబడింది. రెండో రోజు శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. నాకూ నా పాపకూ కూడు పెట్టింది వదినే. ఒకనాటి పొద్దున్న చెయ్యి పట్టి లేపి, ఎండు నెత్తళ్ల చేపల బుట్ట నా తల మీద పెట్టింది.

“ఏడవాలంటే ఏడు, నడుస్తూ ఏడు. బుట్ట నెత్తిమీదున్నప్పుడు కాళ్లకేసి సూడకు, పడిపోతావు. ముందుకి సూడు” అంది.

ఏళ్లపాటు ఆమె వెనకే సంతలు తిరిగాను. సంతలో ఏ ఆడమనిషి గోడు చెప్పుకున్నా వదిన మాటే తిప్పి చెప్పేదాన్ని. ఎవరో దాన్ని ఫోన్‌లో వీడియో తీసి నెట్‌లో పెట్టారు. అంతే, గురువునైపోయాను. పుస్తకం వేస్తానంటూ రాజాంలో బట్టల షాపు షావుకారు వచ్చాడు.

“ఏటనుకోకండమ్మా. ఎండు చేపలని అచ్చేస్తే మా ఇళ్లల్లో పుస్తకం దేవుడి గదిలో ఎలాగెట్టుకుంటారు? పూలని రాసేద్దాం” అన్నాడు.

పూలమ్మిన చోట కట్టెలమ్మడమని సామెత. నేను చేపలమ్మిన చోట పూలమ్మాను. సిగ్గులేకుండా సరేనన్నాను. చేపలు పోయాక చేపలమ్మే వదిన ఎందుకు? ఆమెనూ తీసేశాం. ఆమె మాట నాకు ధ్యానంలో వినిపించిందని రాశాం. ఆ పేజీ చదివి భక్తులు కళ్లు తుడుచుకుంటారు, వెర్రి వెధవలు. వాళ్లను తిట్టడానికి నాకు నోరెక్కడిదిలెండి.

మొన్న రాజాం సభకు వదిన వచ్చింది. ఆమె కోడలు పుస్తకమంతా చదివి వినిపించిందని నాకు ముందే కబురు తెలుసు. ఆమె ఒక్క మాటంటే చాలు, ఆ మండపంలోనే నా బతుకు బజారున పడుతుంది. సభ అయ్యాక అందరితోపాటు వరసలో నిలబడి నా ముందుకొచ్చింది. చీరంతా ఎండు చేపల వాసన. షావుకారు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, “ఎవరమ్మా ఈవిడ?” అని నన్నడిగాడు.

“మా ఊరావిడ” అన్నాను.

వదిన నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు, పాడైన సరుకును చూసినట్టు. తర్వాత ఆయనవైపు తిరిగింది.

“అవును బాబూ, ఊరిదాన్నే. ఈ అమ్మ కాడ రోజూ పూలు కొనీదాన్ని. మంచి పూలు.”

అని వంగి, నాకంటే పదేళ్లు పెద్దది, నా కాళ్లకు దణ్ణం పెట్టింది. వెనకాల జనం చూస్తున్నారని నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు. చెయ్యెత్తి దీవించాను.