బంద్ నాడు నేను పెట్టిన మంటలు

ముందే చెప్పేస్తే గొడవ ఉండదు: నేను ఉన్నదానికి నాలుగింతలు కలుపుతాను. మా వంటింట్లో బల్లి కనబడితే, ఆ సంగతి చెప్పుకుంటూ నేను వీధి చివరికి చేరేసరికి అది ఉడుమవుతుంది. హైటెక్ సిటీలో మా ఆఫీసు లిఫ్టు కాసేపు ఆగితే, లోపల ఇద్దరికి పెళ్లి సంబంధం కుదిరిందని ప్రచారం చేశాను. నాయనకు నా కోతలంటే ప్రాణం. బాలానగర్ ఫ్యాక్టరీలో బతుకంతా లేతు మిషను ముందు నిలబడ్డ మనిషి, "ఇయ్యాల ఏం కోస్తవురా, కొయ్యి" అని ఎదురు అడిగేవాడు. నా మాటల్లో ఏది నమ్మాలో, ఏది వదిలేయాలో ఆయనకు తెలుసనే అనుకునేవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఊపిరితిత్తులు చెడిపోయి, ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పాక, నాయన బాచుపల్లిలో అక్క దగ్గర ఉన్నాడు. నేను ఖాజాగూడలో. రెండు రోజుల బంద్‌లో మొదటి రోజు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, నాయన నిన్ను జూస్తనంటున్నడు. జర వచ్చిపోరాదు?"

ఆఫీసుకు సెలవు. పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది. మేడ మీద దోస్తులు పేకలు పంచుతున్నారు. రేపు పోదాంలే అనుకున్నాను. ఆ మాట చెప్పకుండా, అలవాటైన పని చేశాను.

"ఎట్ల రావాలక్కా! గచ్చిబౌలి కాడ బస్సులు తగలబడుతున్నయి. కొండాపూర్‌ల రాళ్ల వాన. పొగకు సూర్యుడే కనిపిస్తలేడు. బండి మీద పోయేటోని తల పగిలిందట!"

అక్క ఫోన్ స్పీకర్‌లో పెట్టిందని నాకు తెలియదు. వెనక నుంచి నాయన గొంతు, దమ్ము తీసుకుంటూ వినిపించింది: "వద్దు బిడ్డా. గడప దాటకు. తలుపేసుకొని ఇంట్లనే ఉండు."

మటన్ బ్రహ్మాండంగా కుదిరింది. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

తెల్లారేసరికి నాయన పోయాడు.

బండి తీసుకుని బయలుదేరాను. గచ్చిబౌలిలో చల్లారిన టైరొకటి ఉంది. నా రాళ్ల వాన కురిసిన కొండాపూర్‌లో రోడ్డు మధ్యన కుక్క నిద్రపోతోంది. మియాపూర్ దగ్గర మాత్రం రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, అక్కడే పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారు.

"ఏడికన్నా? బంద్ తెల్వదా?"

"నాయన పోయిండు."

వెంటనే రాళ్లు జరిపారు. ఒకతను జెండా కట్టిన బండి మీద దారి ఇప్పిస్తూ అక్క గుమ్మం దాకా నా ముందు వచ్చాడు. నిన్న వచ్చినా విడిచేటోళ్లా అని అడగబోయి మానుకున్నాను. జవాబు నాకు తెలుసు.

మూడో రోజు ఖాజాగూడ చెరువు పక్కన బండల మీద పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా చూడాలి. ముట్టకపోతే ఆయన మనసులో ఏదో మిగిలిపోయిందన్నమాట. కాకులు స్టేజీ మీద నాయకుల్లా బండ మీద వరుసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగదు.

చిన్నాయన నా మీద పడ్డాడు. "కల్లు గింతేనారా పోసేది? మా అన్నకు నాలుక గూడ తడవది!"

"కల్లు గాదు, బీడీ! ముందుగాల బీడీ ముట్టియ్యుండ్రి" అంది మేనత్త. ముట్టించారు. కాకి రాలేదు.

అప్పుడు అక్క అంది: "ఇవేవీ గాదు. వాడు ఇంట్లనే ఉన్నడా, బయటికి పోలేదు గదా అని పాణం పోయేదాకా అదే అడుగుడు."

నేను విస్తరి ముందు మోకాళ్లూని, "నాయనా, ఇంట్లనే ఉన్న. యాడా మంటల్లేవు" అన్నాను. కాకి దిగింది.

ఇందులో నేను కల్పించింది ఆ కాకుల సంగతే. నిజానికి విస్తరి కింద పెట్టి వెనక్కి తిరిగేలోపే కాకి వచ్చి ముక్క ఎత్తుకుపోయింది. "ఏ కోరికా లేకుండ పోయిండు" అని అందరూ సంతోషించారు. కల్లు, బీడీ వాదనలు నావే. అక్క మాట నిజం. ఇంటికి తిరిగొస్తుంటే చెప్పింది. నేను మోకాళ్లూననూ లేదు, ఏమీ అననూ లేదు. గచ్చిబౌలి మంటల గురించి అక్క ఇప్పటికీ తన పిల్లలకు చెబుతుంది. నాయన నా మీద అలిగి, ఆ కాకిని ఒక్క పూటైనా ఆపి ఉంటే ఎంత బాగుండేది! ఆయన ఆపలేదు గనక, తలుచుకున్న ప్రతిసారీ నేనే దాన్ని ఆ బండ మీద ఇంకాసేపు కూర్చోబెడుతున్నాను.