మిల్లు వెనక సందు

కెనడాలో, హాలిఫాక్స్‌లోని మా యూనివర్సిటీ లైబ్రరీ గోడకి ఒక పాత పటం నకలు ఉంది. మన దేశాన్ని ఎప్పుడూ చూడని యూరప్ మనిషెవరో గీసిన మన దేశ పటం అది. తీరం సుమారుగా గీసి, తనకి తెలియని లోపలి భాగమంతా కుక్క తలల మనుషులతో నింపేశాడు. చూసినవాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోతారు. నాకు మాత్రం మూడో తరగతి గుర్తొస్తుంది.

మా టీచర్ ఇంటి చుట్టుపక్కల పటం గీసుకురమ్మన్నారు. రైస్ మిల్లు వెనక సందులోకి నేనెప్పుడూ వెళ్లలేదు. అక్కణ్ణుంచి రోజూ మొరుగుడు వినిపించేది. అందుకే అక్కడ ఇళ్ల బదులు కోరల కుక్కని గీశాను.

"మిల్లు కన్నా పెద్ద కుక్కా!" అన్నారు టీచర్. క్లాసంతా నవ్వింది. నేను తల దించుకున్నాను.

వెనక బెంచీలోంచి స్వరూప లేచింది. "అది మా టామీ, టీచర్! దానికి పళ్లే లేవు." నా వైపు తిరిగి, "సాయంత్రం రావే, చూపిస్తా" అంది.

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ముసలి టామీ నా వేళ్లు నాకింది. వాళ్లమ్మ వేయించిన పల్లీలు పెట్టింది. ఇంటికొచ్చి కుక్కని చెరిపేసి, అక్కడ స్వరూప ఇల్లు గీశాను.

ఈ హాలిఫాక్స్‌లో నేను వెళ్లని వీధులు చాలా ఉన్నాయి. క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి ఇల్లు ఫెర్రీ పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్తే వస్తుందట. ఆదివారం రమ్మంది. కాస్త బెదురుగానే ఉంది. వస్తానన్నాను.