డెన్నిస్ స్టూల్ కీచు

డెన్నిస్ హెప్‌వర్త్ మా బ్యాండ్‌లో పదకొండేళ్ళుగా డ్రమ్స్ వాయిస్తున్నాడు. పగలు షెఫీల్డ్‌లో కత్తుల కర్మాగారంలో పని, సాయంత్రం మాతో సాధన. మాతో చేరకముందే, పెళ్ళయిన కొత్తలో, కర్మాగారం మెట్ల మీంచి జారి ఎడమ మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కాలితోనే ఊళ్ళో ఎత్తులన్నీ ఎక్కి దిగుతాడు. అతనికున్న చెడ్డపేరు ఒక్కటే, స్టూల్. అతను వాయిస్తున్నంతసేపూ అది కీచుమంటుందని మేమంతా పదకొండేళ్ళుగా తిట్టిపోశాం.

తొంభై రెండులో మా పాటల రీమిక్స్ ఆల్బమ్ తెద్దామని కంపెనీవాళ్ళు తొమ్మిదిమంది బయటి నిర్మాతలకు మా టేపులు పంపారు. మా పాటను విప్పి, తమకిష్టమైనట్టు మళ్ళీ కుట్టడం వాళ్ళ పని. విప్పడం మాత్రం బాగా విప్పారు. గాయకుడు ట్రెవర్ గొంతు ఉంచి, డెన్నిస్ డ్రమ్స్ తీసి అవతల పారేసి, యంత్రం దరువు పెట్టారు. ఎనిమిది టేపులొస్తే ఎనిమిదీ అంతే. నా బేస్ గిటార్ సంగతి అడక్కండి, ఒళ్ళు మండుతుంది.

ట్రెవర్‌కి నోట్లో మాట దాగదు.

"ఒరేయ్ డెన్నిస్, ఈసారి టూర్‌కి యంత్రాన్నే తీసుకెళ్దామనుకుంటున్నాం. దానికి టీ అక్కర్లేదు, కీచు అసలే లేదు."

డెన్నిస్ స్టూల్‌ని ఇంటికి పట్టుకెళ్ళి మరలన్నీ విప్పి, నూనె పోసి, శుభ్రంగా తుడిచి బిగించాడు. "ఇక వంక పెట్టడానికేం లేదుగా?" అని ఫోన్ చేసి నన్నడిగాడు. నాకు మనసు చివుక్కుమంది.

మర్నాడే తొమ్మిదో టేపు వచ్చింది. గ్లాస్గోలో ఒకమ్మాయి చేసింది. ఆమె కూడా డ్రమ్స్ తీసేసింది, కానీ యంత్రం పెట్టలేదు. పాట పొడుగునా దరువంతా మా టేపులో పడ్డ ఆ కీచే! నెల తిరక్కుండా ప్రతి డాన్స్ హాల్లోనూ జనం దానికే గంతులేశారు.

ట్రెవర్ నన్ను లాక్కుని డెన్నిస్ ఇంటికి పరిగెత్తాడు. డెన్నిస్ భార్య ఐరీన్ తలుపు తీసింది.

"ఆ స్టూల్ ఇస్తావా ఐరీన్? టూర్‌కి కావాలి."

"స్టూల్ కావాలా? మా ఆయన అక్కర్లేదా?"

ట్రెవర్ సిగ్గులేకుండా లోపలికెళ్ళి, డెన్నిస్ ఎదురుగానే స్టూల్ మీద కూర్చుని ఎగిరాడు. చప్పుడు లేదు. అతనికి రెండింతలుండే నేను కూర్చున్నాను. అయినా లేదు. "మరలకి నూనె పోశానుగా" అన్నాడు డెన్నిస్.

"నూనె పోసి దాని గొంతు నొక్కేశావు కదరా!" అని ట్రెవర్ జుట్టు పీక్కున్నాడు.

ఐరీన్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "డెన్నిస్, నువ్వు కూర్చో. వాయించు."

డెన్నిస్ రెండు చెంచాలతో బిస్కెట్ల డబ్బా మీద మొదలుపెట్టాడు. ఎడమకాలు అలవాటుగా ఆడింది. కీచు, కీచు, కీచు. లయ వెంట్రుకవాసి తప్పలేదు.

ట్రెవర్ నేల మీద బోర్లాపడి స్టూల్‌కి చెవి ఆనించాడు. "వస్తోందిరా! ఎక్కడ్నుంచిరా?"

"చెవి కాస్త పైకి పెట్టు. అది మా ఆయన మోకాలు" అంది ఐరీన్. "చర్చిలో మోకరిల్లినా అదే పాట."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాను నేను.

"నన్నెవరడిగారు?"

డెన్నిస్ చెవులదాకా ఎర్రబడ్డాడు, కాలు మాత్రం ఆపలేదు. ట్రెవర్ దుమ్ము దులుపుకుని లేచాడు. ఏమడగాలో తెలియక నా వంక చూశాడు. నేను సాయం చెయ్యదలచుకోలేదు.

"మోకాలొక్కటే పంపడం కుదరదు ట్రెవర్" అంది ఐరీన్. "మనిషి మొత్తం వస్తాడు. టీలో పాలు కాస్త ఎక్కువ పొయ్యండి."