అరచేతి గుర్తు

ఆ సేటు మాట యాదికొస్తె నాకిప్పటికీ ఒళ్లు మండుతది.

నేను పని నేర్సుకున్న కొత్తకోట హైవే మీది మెకానిక్ చాచాకు ఒక అలవాటుండె. ఏ కారొచ్చినా ముందుగాల బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కండ్లు మూసుకొని, "జర ఆగుండ్రి, అదే చెప్తది" అనేటోడు.

వడ్డేపల్లిల ఒకరి దొడ్లె పడుండి, లోపల కోళ్లు పొదుగుతున్న పాత కాంటెస్సా కారును హైదరాబాద్ సేటు ఒకాయన కొని, చాచాకు అప్పజెప్పిండు. పాత కార్లు జమజేసుడు ఆ సేటుకు పిచ్చి. దొరకని సామాను చాచా సొంతంగ చేసి, ఎనిమిది నెలలల్ల దాన్ని గుర్రం లెక్క ఉరికించిండు.

తర్వాత ఒకదినం సేటు కార్ల హాలు చూడనీకె నేనూ చాచా పోయినం. నిండ కార్లే, ఒక్కటీ రోడ్డెక్కదు. ఉతికిన తెల్లంగి ఏసుకొచ్చిన చాచా, సీదా పోయి కాంటెస్సా మీద అరచెయ్యి పెట్టిండు.

"సల్లగుంది. నడిపి ఎన్ని దినాలైంది సేట్?"

"నడపడమేంది? ఇది చూసేదానికే. చెయ్యి తియ్, మరకలు పడ్తయి."

ఆ చెయ్యి లేకుంటె అది ఇయ్యాలటికీ కోళ్లగూడే. ఆ మాటే అందామని నోరు తెరిచిన. చాచా నా దిక్కు చూడలె. జేబుల దస్తీ తీసి, బానెట్ మీది తన అరచేతి గుర్తును తనే తుడుస్తుండు.