అంచున రాసిన పేరు

నాకు ముక్కు మీద కోపం. ఆ ఆదివారం పెన్సిలు కనబడక చిరాకుపడింది నేనే గనక, ఈ సంగతి ముందుగా చెప్పుకోవడం మంచిది.

అప్పట్లో రాజమహేంద్రవరంలో పత్రికలు నడిపేవాళ్ళం, అచ్చుకూటాల్లో తప్పులు దిద్దేవాళ్ళం కలిపి ఏడుగురం ఉండేవాళ్ళం. మా పని నేర్పే బడి ఎక్కడా లేదు. అందుకని ప్రతి ఆదివారం మధ్యాహ్నం, మా అందరిలోకీ పెద్దాయన చర్చి నుంచి ఇంటికొచ్చాక, ఆయన వసారాలో చేరేవాళ్ళం. మిషను అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దీ దిద్దీ జుట్టు నెరిసిన మనిషి ఆయన. ఒకరి ప్రూఫు ఇంకొకరు దిద్దాలి. దిద్దుతున్నంతసేపూ దాని సొంతదారు నోరు మెదపకూడదు. మొదటి ఏడాది నా వాక్యాలను వాళ్ళు ఉతికి ఆరేస్తుంటే లోలోపల ఉడికిపోయేవాణ్ణి. అయినా నాకు వచ్చిన పనంతా ఆ వసారాలో అబ్బిందే. ఆ మాట కాదనను.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. మారుపేరుతో ఉత్తరం వేసేటప్పుడు, రాసినవారి అసలు పేరు ప్రూఫు అంచున పెన్సిలుతో రాసి అందరికీ చూపించాలి. ఉత్తరం వెనక నిజంగా ఒక మనిషి ఉన్నాడనడానికి అదే రుజువు. చూడడం అయ్యాక ఆ అంచు కత్తిరించి పొయ్యిలో పడెయ్యాలి. దిద్దుబాట్లు మాత్రం ఎర్ర సిరాతో చేసేవాళ్ళం. అంచున ఎర్రగా ఏది కనబడితే అది ఉన్నదున్నట్టు కూర్చెయ్యమని అచ్చు అక్షరాలు పేర్చే మా కంపోజిటరుకు నేనే నేర్పాను. ఎందుకండీ అని అడిగినప్పుడల్లా కసిరి, అడగడం మాన్పించింది కూడా నేనే.

ఆ ఏడు ఊడ్పుల వేళ ఒక పల్లెటూరి మిషను బడి మాస్టారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళ ఊరి కామందు, కాలవ నీళ్ళు వదిలే లస్కరు ఒకటై తూము మూసేస్తున్నారనీ, శివారు చేలల్లో నారు ఎండిపోతోందనీ ఉత్తరం రాసి తెచ్చారు. కింద "ఒక రైతు" అని పెట్టారు. అసలు పేరు అడిగితే కాసేపు ఆలోచించి చెప్పారు.

"పేరు బైటికొస్తే మాకక్కడ నిలువ నీడుండదండి. ఇల్లూ బడీ రెండూ కామందు గారి స్థలంలోనే ఉన్నాయి. ముగ్గురు పిల్లలండి" అన్నారు.

"పూచీ నాది" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆదివారం వసారాలో పెన్సిలు కనబడలేదు. చాప కిందా చూరులోనూ వెతికి, ఏదైతే ఏంటని ఎర్ర సిరాలో కలం ముంచి ఆయన పేరూ ఊరూ "ఒక రైతు"కు ఎదురుగా అంచున రాశాను. ఎలాగూ కత్తిరించేదే కదా అనుకున్నాను. ప్రూఫు చేతులు మారింది. పెద్దాయన చదివి, "ఉత్తరం వేస్తే ఇలాంటిది వెయ్యాలండి" అని అందరితో అన్నారు. ఆయన నోట మెప్పు వినడం నాకదే మొదలు. ఒళ్ళు తెలియలేదు. ఆ కాగితం అంచు కత్తిరించకుండా అలాగే మడిచి, దారిలో అచ్చుకూటంలో ఇచ్చేసి ఇంటికి పోయాను. రెండో ప్రూఫు అడగలేదు. అందరూ చూసినదాన్ని మళ్ళీ చూడడమేంటని మా అందరికీ ఒక ధీమా.

మంగళవారం పొద్దున్న పత్రిక విప్పాను. ఉత్తరం కింద "ఒక రైతు" లేడు. మాస్టారి పేరు, ఊరితో సహా ఉంది. 

కంపోజిటరు ప్రూఫు తెచ్చి చూపించాడు. "ఎర్రగా ఉందండి, కూర్చానండి."

 మిగిలిన ప్రతులు ఆపించాను. కాలవ ఊళ్ళకు పోయే పత్రికల కట్ట ముందురోజే పడవెక్కేసింది. కామందు గారు మా చందాదారు. ఆయన ప్రతి కూడా ఆ కట్టలోనే ఉంది.

ధవళేశ్వరం లాకుల దగ్గర దొరికిన పడవెక్కాను. లాగేవాళ్ళు తాడు భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తుంటే, దిగి వాళ్ళకన్నా ముందు పరిగెత్తుదామా అనిపించింది. దారిలో ఒక లాకు దగ్గర అక్కడి లస్కరు ఏ ఊరని అడిగాడు. చెప్పాను.

"ఓహో, ఆ ఊరికాండి. పొద్దున్న కామందు గారి గుమస్తా కూడా ఇటే వెళ్ళారండి, పేపరు పట్టుకుని" అని నన్ను ఎగాదిగా చూశాడు.

పడవవాళ్ళను తొందరపెట్టాను.

దిగేసరికి పొద్దు వాలుతోంది. బళ్ళో పిల్లలు లేరు. మాస్టారి పాక అరుగు మీద ఇద్దరు మనుషులు కత్తులు పక్కన పెట్టుకుని తాంబూలం నములుతున్నారు. నన్ను చూసి మర్యాదగా జరిగి చోటిచ్చారు.

"కూర్చోండి. మాస్టారు సామాను సర్దుకుంటున్నారండి. తొందరేం లేదు, పొద్దుగూకేలోగా అయితే చాలండి. ఆ తరవాత పాక విప్పుకుంటాం" అన్నాడు ఒకడు.

బూతులు తిట్టినా అంత భయం వేసేది కాదు.

లోపల మాస్టారు పలకలు మూట కడుతున్నారు. ఆయన భార్య చాపలు చుడుతున్నారు. ఆవిడ నా వైపు చూడలేదు. పెన్సిలు కనబడకపోవడం, ఎర్ర సిరా, కంపోజిటరు, అంతా ఏకరువు పెట్టాను. తప్పు నాదేనని చేతులు జోడించాను. ఆయన మూట కట్టడం ఆపి విన్నారు.

"సిరా సంగతి సరేనండి. అసలు నా పేరు అక్కడ ఎందుకు రాశారు?"

మా కట్టుబాటు గురించి చెప్పాను. ఆ స్థితిలోనూ నా గొంతులో కాస్త గొప్ప వినబడింది.

"ఎంతమంది చూశారండి?"

"నేను కాక ఆరుగురు. అందరూ నమ్మకస్తులే."

"నేను మీ ఒక్కరికే కదండీ చెప్పాను" అన్నారు.

దారి పొడుగునా సిరానీ కంపోజిటరునీ తిట్టుకుంటూ వచ్చాను. ఆదివారం ఆ పేరు వాళ్ళ చేతికి ఇచ్చినప్పుడే నేను మాట తప్పానని ఒక్కసారి కూడా తోచలేదు.

"మాస్టారండీ, పొద్దు పోతోందండి" అని బయటి నుంచి పిలుపు వచ్చింది.

ఆయన చంటిపిల్లను ఎత్తుకుని బయటికి నడిచారు. పెద్దపిల్లలిద్దరూ ఆయన వెనకే వెళ్ళారు. మేం గట్టు ఎక్కేలోపే వెనక పాక తాళ్ళు కోస్తున్న చప్పుడు వినబడింది. ఏదో ఒకటి మొయ్యాలని, గట్టు మీద దించిన సామానులోంచి నేను చాపల చుట్ట అందుకున్నాను. నాలుగడుగులు వేశానో లేదో, ఆవిడ వెనక్కి వచ్చి దాన్ని నా చేతిలోంచి తీసేసుకున్నారు.