పాలకొల్లు నుంచి రాజమండ్రికి, ఒక నెత్తుటి పరీక్ష కోసం

రాజమండ్రి వెళ్లేవాళ్లు గోదావరి స్నానానికో, పెళ్లిబట్టలు కొనడానికో వెళ్తారు. రెండువేల మూడులో, వానలు మొదలైన రోజుల్లో, నేను నెత్తురు పరీక్ష చేయించుకోవడానికి వెళ్లాను. పాలకొల్లులో ల్యాబులు లేక కాదు. నేను బట్టల కొట్టులో గుమాస్తాని. ల్యాబు నడిపే ఆయన ఇంటిల్లిపాదికీ బట్టలు చూపించేది నేనే. భీమవరం పోదామంటే అక్కడ సత్తిబాబుని ఎరిగినవాళ్లున్నారు.

సత్తిబాబు భీమవరంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో మిషను నడిపేవాడు. అతనూ నేనూ కొన్నేళ్లు ఒకరికొకరం. చూసేవాళ్లకి స్నేహితులం. అంతకు మించిన మాట మాకూ తెలియదు. ఎయిడ్స్ గురించి రోడ్ల పక్క బోర్డులు చాలా చూశాం. వాటి మీద ఒక లారీ డ్రైవరు, పక్కన ఒక ఆడమనిషి బొమ్మ ఉండేవి. మాలాంటివాళ్ల బొమ్మ ఎక్కడా లేదు. లేదు కాబట్టి మాకు రాదనుకున్నాం.

అతనికి జ్వరం, విరేచనాలు పట్టుకుని వదల్లేదు. మంచం పట్టాక వాళ్లన్నయ్య నన్ను గుమ్మం తొక్కనివ్వలేదు. పోయిన రోజున అతని కంచం, గ్లాసు, పరుపు వీధిలో వేసి తగలబెట్టారు. శవాన్ని మోయడానికి అయినవాళ్లెవరూ ముందుకి రాకపోతే కూలిమనుషుల్ని పిలిచారు. నేను రోడ్డుకి ఇవతల టీకొట్టు దగ్గర నిలబడి చూశాను. దగ్గరికి వెళ్తే నువ్వెవరివని అడుగుతారని భయపడ్డాను.

ఆ ఏడాది గడవకముందే మా అమ్మ పెంటపాడు సంబంధం తెచ్చింది. అమ్మాయి కాన్వెంటులో టీచరు. ఫోటోలో ఆ పిల్ల నవ్వు చూశాక, నా ఒంట్లో ఏముందో తెలుసుకోకుండా ఒక్క రోజు కూడా ఉండకూడదనిపించింది.

పొద్దున్నే బస్సెక్కాను. ఇంట్లో కొట్టు పని మీద వెళ్తున్నానని చెప్పాను. మార్టేరు, పెనుగొండ దాటి సిద్ధాంతం వంతెన ఎక్కేసరికి సన్నగా జల్లు. నా పక్కన రావులపాలెం వెళ్లే అరటికాయల వ్యాపారి కూర్చున్నారు.

"రాజమండ్రిలో ఏం పనండి?" అన్నారు.

"స్నేహితుడికి బాగోలేదండి. ఆసుపత్రిలో ఉన్నాడు."

"తగ్గిపోద్దిలెండి. ఈ రోజుల్లో అన్నిటికీ మందులున్నాయి," అన్నారాయన. దిగేముందు సంచిలోంచి రెండు పళ్లు తీసి నా చేతిలో పెట్టారు. పోయినవాణ్ణి బతికున్నట్టు చెప్పి, ఆ పళ్లు తిన్నాను.

రాజమండ్రిలో ఆటో ఎక్కి, ఒక ట్రస్టువాళ్ల చిన్న ఆసుపత్రికి వెళ్లాను. పరీక్ష గది ముందు బల్ల నిండా జనం. ఒక్క చోట మాత్రం అటూ ఇటూ ఖాళీ. ఆ ఖాళీ మధ్యలో ఆకుపచ్చ చీర కట్టుకున్న మనిషి కూర్చుని ఉంది. గడ్డం నున్నగా గీసి, పౌడరు రాసుకుంది. గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. ఆవిడే బల్ల మీద చెయ్యి వేసి చూపించింది.

"కూర్చో తమ్ముడూ. నేనేం కరవను."

కూర్చున్నాను. పేరు రత్నం అంది. తనలాంటి ఒకమ్మాయిని మందుల కోసం తీసుకొచ్చిందట. ఆ అమ్మాయి లోపల ఉంది. ఇంతలో నన్ను పిలిచారు.

లోపల సలహాలు చెప్పే మేడం మర్యాదగానే మాట్లాడారు. "బయటి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లారా?" అని అడిగారు. వెళ్లానన్నాను. వేశ్యల దగ్గర ఎలా జాగ్రత్తపడాలో ఆవిడ ఓపిగ్గా చెప్పుకుపోయారు. తల ఊపుతూ విన్నాను. నెత్తురు తీసి, ఫలితం సాయంత్రం చెప్తామన్నారు.

బయటికొచ్చి మళ్లీ రత్నం పక్కనే కూర్చున్నాను. నా మొహం చూసి, "ఏం చెప్పావు?" అంది. చెప్పాను.

"అబద్ధం చెప్తే ఆవిడ ఆ అబద్ధానికే సలహా ఇస్తుంది. నీకేం పనికొస్తుంది? వెళ్లి నిజం చెప్పు. ఆవిడ మంచిదే, నాతో కూడా మీరు అని మాట్లాడుద్ది."

మళ్లీ తలుపు తోసుకుని లోపలికి వెళ్లడానికి చాలాసేపు పట్టింది. "ఆడవాళ్లు కాదండి. ఒక మగవాడు. అతను పోయాడు," అన్నాను. మేడం లేచి తలుపు దగ్గరగా వేశారు. ఈసారి వేరే సంగతులు చెప్పారు. మగవాళ్ల మధ్య కూడా ఇది వస్తుందని, ప్రతిసారీ నిరోధ్ వాడాలని, ఒకే కంచంలో తిన్నా, ముట్టుకున్నా రాదని. ఆ చివరి మాట దగ్గర వీధిలో కాలిన పరుపు గుర్తొచ్చింది.

సాయంత్రం దాకా పుష్కరాల రేవులో కూర్చున్నాను. గోదావరి ఎర్రగా, నిండుగా పోతోంది. మెట్ల మీద ఎవరి పిల్లలకో తలంటు. హోటల్లో భోజనానికి టోకెను తీసుకుని, తినకుండానే మళ్లీ రేవుకి వచ్చేశాను. ఈ పనికి వెళ్లేవాళ్లెవరైనా ఉంటే చెప్తున్నాను, ఆ మధ్యాహ్నానికి ఎవర్నైనా తోడు తెచ్చుకోండి. ఎవరూ లేకపోతే ఒక్కళ్లే అయినా వెళ్లండి.

"మీకు లేదండి," అన్నారు మేడం. మీరూ అతనూ కలిసి ఆర్నెల్లు దాటింది కాబట్టి అనుమానం అక్కర్లేదన్నారు. నిరోధ్ పొట్లం ఇవ్వబోతే, "నాకెవరూ లేరండి," అన్నాను. "ఉంచుకోండి," అని చేతిలో పెట్టారు.

ఆ మాట రత్నంతో చెబుదామని గబగబా బయటికొచ్చాను. అక్కా అని పిలుద్దామనుకున్నాను. బల్ల ఖాళీగా ఉంది.

నర్సాపురం పాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. వంతెన దాటి కొవ్వూరు వచ్చాక, ఎదురుగా కూర్చున్న రిటైరైన టీచరమ్మ సున్నుండల డబ్బా తెరిచి నాకొకటి ఇచ్చారు. అత్తిలిలో దిగుతారట.

"పెళ్లయిందా బాబూ?" అన్నారు.

"లేదండి. అమ్మ చూస్తోంది. నేను చేసుకోనండి."

"అదేంటి?"

"చేసుకుంటే ఆ అమ్మాయికి అన్యాయం చేసినట్టవుద్దండి."

ఆవిడ డబ్బాకి మూత పెట్టి సంచిలో సర్దుకున్నారు. అత్తిలిలో దిగేటప్పుడు, "ఆ మాట మీ అమ్మకి మీరే చెప్పండి. ఇంకొకళ్ల నోట వినకూడదు," అన్నారు.

భీమవరంలో బండి చాలాసేపు ఆగింది. దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. చేపల పెట్టెల్లోంచి ఐసు నీళ్లు కారుతున్నాయి. నాకు లేదన్న మాట ముందుగా చెప్పాల్సింది అతనికి. విని సంతోషించేవాడే. నాకే, అతన్ని ఒక్కణ్ణే పంపేశాననిపించింది.

ఇంటికొచ్చాక, అన్నం వడ్డిస్తున్న అమ్మతో పెంటపాడు వాళ్లకి వద్దని చెప్పమన్నాను. ఎందుకంది. నాకొక మనిషి ఉండేవాడనీ, పోయాడనీ చెప్పాను. అమ్మ గరిటె కింద పెట్టింది.

"సత్తిబాబా?" అంది.

అవునన్నాను. చారు పోసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో సంబంధాల మాట రాలేదు. ఆ పేరు కూడా రాలేదు.