చంద్రమౌళి సారు గిన్నెల పాఠం

మా చంద్రమౌళి సారుకు ఒకటే పిచ్చి: భూమిని ఆకాశం పట్టుకుని కొలవడం. "సారూ, మెట్‌పల్లి ఎంత దూరం?" అని అడిగిన పాపానికి రేడియో టెలిస్కోపుల దాకా వెళ్ళేవారు. ఈలోగా మెట్‌పల్లి బస్సు వెళ్ళిపోయేది.

"రెండు దేశాలల్ల రెండు పెద్ద గిన్నెలు పెడ్తరు. రెండు గూడ ఆకాశంల ఒక్క చుక్క దిక్కే చూస్తయి. ఆ చుక్కకెల్లి వచ్చే రేడియో అలలు ఒకదానికి రవ్వంత ముందుగాల, ఇంకోదానికి రవ్వంత ఎనుక అందుతయి. గా తేడాతోని రెండింటి నడుమ దూరం వెంట్రుకవాసి తప్పకుంట చెప్తరు. గట్ల కొలిచి చూస్తే మన దేశం ఏటా మూడు వేళ్ళ మందం జరుగుతున్నదని తేలింది!"

"గందుకేనా సారూ, నాకు ఎన్నడు బస్సు దొరుకది?" అనేది మా వీధి మొగిలవ్వ.

కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాక, సారు కోరుట్ల బస్టాండు వెనక ఎస్టీడీ బూతు పెట్టారు. శుక్రవారం గల్ఫులో సెలవు కదా, ఫోన్ల కోసం సగం ఊరు ఆయన బెంచీల మీదే ఉండేది. మస్కట్‌లోని మా అన్న ఫోను కోసం నేనూ ఉండేవాణ్ణి. బూతు తలుపు సరిగ్గా పడదు, లోపల గుసగుసలాడినా బయటికి వినబడేది. దాన్ని బాగుచేయాల్సిన వడ్రంగి కూడా దుబాయికే పోయాడు.

పైగా ఎవరైనా లోపలికి వెళ్ళగానే సారు బయట గొంతెత్తి గిన్నెల పాఠం అందుకునేవారు. "మస్తు చెప్పినవు సారూ, జర ఆపు" అని దండం పెట్టినా వినేవారు కాదు.

ఒక శుక్రవారం సారుకు గొంతు పోయింది. "ఇయ్యాల మనకు పండుగనే!" అన్నాడు నా పక్కనున్న రాజనర్సు.

అంతలో భూదేవికి ఫోను వచ్చింది. ఆమె భర్త మైసయ్య దుబాయిలో ఉన్నాడు. కంపెనీ మూతపడింది. ఒట్టి చేతులతో ఇంటికి రావడానికి సిగ్గుపడి అక్కడే తిరుగుతున్నాడు. అతన్ని రమ్మని బతిమాలాలి భూదేవి.

"తిన్నవా?" అంది. బెంచీ మీది వాళ్ళమంతా చెవులు రిక్కించాం. తలుపు సందులోంచి మమ్మల్ని చూసి, ఆమె మిగతా మాట మింగేసింది.

సారు నా చెయ్యి పట్టి లాగారు. "చెప్పు, చెప్పు" అని పెదవులతోనే అంటూ ఆకాశం వైపు వేలు చూపించారు. అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు. ఆ పాఠం మేం వినాలని కాదు, లోపలి మాట మేం వినకూడదని!

లేచి నిలబడి అరిచాను: "వేములవాడల ఒక గిన్నె! సిరిసిల్లల ఒక గిన్నె!"

సారు తల బాదుకున్నారు.

మొగిలవ్వకూ అర్థమైనట్టుంది, నాకంటే గట్టిగా అరిచింది. "ఎంత పెద్దయి కొడుకా?"

"పెండ్లి గుండిగలంత!"

"ఏహె, రాజన్న గుడి గుండమంత!" అని ఏకంగా కోనేరునే దింపుతూ లేచాడు రాజనర్సు. ఇక ఆటోవాళ్ళు కూడా వచ్చి పంచాయితీలో పడ్డారు. లోపల భూదేవి ఏం మాట్లాడిందో దేవుడికే తెలియాలి.

చివరికి ఆమె కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. సారుకు అదేం పట్టలేదు. నా తప్పు దిద్దాలని పీలగొంతుతో నా మీద పడ్డారు. "వేములవాడకు సిరిసిల్లకు నడుమ దూరం ఏం సాలుతదిరా? గిన్నెల నడుమ ఎంత దూరముంటే కొలత గంత పక్కా!"

"గంత దూరం ఇగ వద్దు సారూ" అంది భూదేవి నవ్వుతూ. "ఆయన ఇంటికి వస్తుండు."